మెట్ల కింద బండ్లు, మెట్ల మలుపులో చచ్చిన వాషింగ్ మిషను... గొడవ లేకుండా తీయించేదెట్లా?

పులియంతోపు బుజ్జి | అక్టోబర్ 5, రాత్రి 11:20

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది ఉత్తర చెన్నైలో సర్కారు కట్టించిన క్వార్టర్స్, గ్రౌండ్ ప్లస్ త్రీ, ఫ్లోరుకి నాలుగిళ్లు, మొత్తం 16 కుటుంబాలు, అందులో తెలుగోళ్లం తొమ్మిదిళ్లు. మొన్న శుక్రవారం రాత్రి పదిన్నరకి కరెంటు పోయింది, అప్పుడే నీళ్లొచ్చాయని అమ్మ కింద పంపు దగ్గర బిందె నింపుకుని పైకెక్కుతోంది. రెండో ఫ్లోరు మెట్ల మలుపులో ఒక వాషింగ్ మిషను ఉంది, పని చెయ్యదు, రెండేళ్లుగా అక్కడే పడుంది, దాని మీద విరిగిన కూలరు, కూలరు మీద పాత పుస్తకాల మూట, ఆ మూట మీద ఈ మధ్య ఒక పిల్లి కాపురం పెట్టింది. పిల్లి దూకింది, అమ్మ ఉలిక్కిపడింది, బిందె జారింది, బిందెతో పాటు అమ్మ ఆరు మెట్లు జారింది. దేవుడి దయ, ఎముక విరగలేదు. మోకాలు మాత్రం గుమ్మడికాయంత వాచింది.

కింద సంగతి ఇంకా ఘోరం. మెట్ల కింద ఏడు బండ్లు, వాటిలో ఒకటి కరెంటు స్కూటరు, దానికి ఫస్ట్ ఫ్లోరు కిటికీలోంచి వైరు వేలాడదీసి రాత్రంతా చార్జింగు పెడతారు, పక్కనే 16 ఇళ్ల మీటరు బోర్డు. దీపావళికి ఇంక రెండు వారాలే. చెప్పి చూశా. "నీకేం నొప్పి, నీ గుమ్మం ముందు పెట్టామా" అన్నారు. గుమ్మం ముందు కాదు నిజమే, మా అమ్మ కాళ్ల ముందు పెట్టారు. తిట్టించుకోకుండా ఇట్లాంటివి తీయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

వాసు_వ్యాసర్పాడి | అక్టోబర్ 5, రాత్రి 11:48

అంత ఆలోచన దేనికి చెల్లీ. అందరూ పడుకున్నాక నలుగురు కుర్రాళ్లని పిలిచి మీన్‌బాడి బండి (మూడు చక్రాల సామాను బండి) ఎక్కించి కాయిలాన్ కొట్టులో (పాత సామాన్ల కొట్టు) వేసెయ్. తెల్లారి అడిగితే "ఏ మిషను?" అను. మా బ్లాకులో అట్లాగే చేశాం, వచ్చిన డబ్బుల్తో అందరం టీ తాగాం, ఆ సామానాయన కూడా మాతోనే తాగాడు పాపం, ఆయనకి తెలీదు.

గూడూరు రమణ | అక్టోబర్ 5, రాత్రి 11:55

వాసన్నా అది దొంగతనం అవుద్ది. ఆయన స్టేషన్లో రాసిచ్చుంటే ఆ టీకి ఎంత అయ్యుండేదో తెలిసేది నీకు.

మీటరుబాక్సు మామయ్య | అక్టోబర్ 6, ఉదయం 6:05

బుజ్జమ్మా, వాషింగ్ మిషను సంగతి తర్వాత. ముందు ఆ వైరు తీయించు, ఇవాళే. ముప్పై ఏళ్లు వైరింగు పని చేసిన చేతులతో రాస్తున్నా.

మనకి మెట్లంటే ఎక్కడానికీ దిగడానికీ. మంటకి మెట్లంటే పొగగొట్టం. కింద ఏదైనా అంటుకుందంటే వేడి పొగ పైకే ఎగబాకుద్ది, మెట్ల దారి కింది నుంచి పైదాకా నిలువునా ఖాళీ కాబట్టి నిమిషాల్లో పై ఫ్లోరు దాకా కమ్మేస్తుంది, జనమేమో అదే మెట్లలోంచి కిందికి పరిగెడతారు. చాలామంది నిప్పు తగలకుండానే పొగకే పోతారు. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాదులో అయింది ఇదే కదా, కింద కరెంటు బండ్ల షోరూము, పైన లాడ్జి, బండ్ల దగ్గర అంటుకున్న పొగ మెట్ల దారిన గదుల దాకా పోయి 8 మందిని పొట్టన పెట్టుకుంది. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో ఒకే ఇంటోళ్లు 17 మంది. పెద్ద మేడ కూడా కాదు అది, దారే ఇరుకు.

ఇప్పుడు మీ మెట్ల కింద లెక్కెయ్. ఆరు పెట్రోలు బండ్లు, ఒక్కోదాంట్లో రెండు లీటర్లే అనుకున్నా పన్నెండు లీటర్లు. దాని నెత్తిన మీటరు బోర్డు. మీటరు బోర్డులో లూజు కనెక్షను ఉంటే అది వేడెక్కి వేడెక్కి ఒకరోజు రవ్వలు రాలుస్తుంది, కొన్నిచోట్ల ఎలకలు వైర్లు కొరికేసి ఉంటాయి, నేను తలుపు తెరిస్తే లోపల కాకి గూడు ఉన్న బోర్డు కూడా చూశా. ఇక ఆ స్కూటరు. పల్చటి ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట చుట్టి పెడతారు, చుట్టలో వేడి పోదు, తొడుగు మెత్తబడుద్ది. లిథియం బ్యాటరీ అంటుకుంటే మామూలు మంట లాగా ఆరదు, ఆరినట్టే కనపడి మళ్లీ లేస్తుంది. దాన్ని మనుషులు మెలకువగా ఉన్న టైములో, ఆరుబయట, బండితో ఇచ్చిన చార్జరుతోనే, మందపాటి వైరున్న పెద్ద ప్లగ్గులోంచి పెట్టుకోవాలి. మెట్ల కింద మాత్రం ఎప్పుడూ కాదు, పగలైనా కాదు.

మూలింటి ముత్యాలు | అక్టోబర్ 6, మధ్యాహ్నం 2:30

నాది బుజ్జిగారి బ్లాకు కాదు గానీ మెట్ల మీద సామాను పెట్టే మనిషిని నేనే అనుకోండి, మా బ్లాకులో అందరూ తిట్టేది నన్నే. మాది పాత కట్టడం, లోపల 230 చదరపు అడుగులు, ఒక గది, గదిలోనే ఒక మూల వంట. ఆరుగురం. మా అత్తకి పక్షవాతం వచ్చాక మంచం వెయ్యాల్సొచ్చింది, మంచం వేస్తే బీరువా బయటికొచ్చింది. బీరువా నా పెళ్లిదండి, మా నాన్న నెల్లూరు నుంచి లారీలో పంపించాడు. మా ఆయన మిక్సీలు రిపేరు చేస్తాడు, ఆ డొక్కులన్నీ మీ కంటికి చెత్త, మాకు వచ్చే వారం బియ్యం. పిల్లాడి సైకిలు కింద పెడితే ఒక్కరోజు కూడా ఉండదు, ఇప్పటికే ఒకటి పోయింది.

పొద్దున్నించి చదువుతున్నా, అందరూ "తీయించాలి" అంటున్నారు. తీసి ఎక్కడ పెట్టాలో ఒక్కరూ రాయలేదు.

వాసు_వ్యాసర్పాడి | అక్టోబర్ 6, మధ్యాహ్నం 2:41

అక్కా మీ ఇంట్లో చోటు లేకపోతే అందరి మెట్లు మీ స్టోరు రూము అయిపోతాయా? అందరికీ అంతే చోటు కదా ఇచ్చారు.

మూలింటి ముత్యాలు | అక్టోబర్ 6, మధ్యాహ్నం 2:44

అందరికీ అంతే చోటు, అందరికీ మంచం పట్టిన అత్త లేదు తమ్ముడూ.

అడ్మిన్ | అక్టోబర్ 6, సాయంత్రం 4:10

మధ్యలో తొమ్మిది మెసేజీలు తీసేశాను. అత్తల్ని, ఆడబిడ్డల్ని వదిలేసి మెట్ల గురించి మాట్లాడండి.

టేమ్స్ ఒడ్డున తొండియార్‌పేట | అక్టోబర్ 6, రాత్రి 9:15

తొండియార్‌పేటలో పుట్టి ఇప్పుడు లండన్లో కౌన్సిల్ ఫ్లాటులో ఉంటున్నా. ఇక్కడ సోషల్ హౌసింగ్ అంటే కౌన్సిలో హౌసింగ్ అసోసియేషనో తక్కువ అద్దెకి ఇచ్చే ఇళ్లు. 2005 నాటి ఫైర్ సేఫ్టీ ఆర్డరు ప్రకారం కారిడార్లు, మెట్లు సేఫ్‌గా ఉంచే బాధ్యత బిల్డింగు చూసుకునేవాళ్లదే, అందుకని చాలాచోట్ల బయట ఏమీ ఉండకూడదని రూలు పెడతారు, కొన్నిచోట్ల గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టా, చిన్న మొక్క వరకు ఊరుకుంటారు. సామాను కనపడితే ముందు చీటీ అతికిస్తారు, ఫలానా తేదీలోపు తీయకపోతే మేమే తీస్తామని. మా అమ్మాయి స్కూటరుకే అతికించారు, కాళ్లతో తోసుకునే బొమ్మ స్కూటరు, దానికి.

2017 జూన్ 14న ఇక్కడి గ్రెన్‌ఫెల్ టవర్ అంటుకుని 72 మంది పోయాక ఇదంతా ఇంకా గట్టిపడింది. 2023 జనవరి నుంచి ఇంగ్లండులో 11 మీటర్లు దాటిన బ్లాకుల్లో కామన్ ఏరియాలోని ఫైర్ తలుపులు మూడు నెలలకోసారి, ఇళ్ల గుమ్మం తలుపులు ఏడాదికోసారి చూడాలని రూలు తెచ్చారు.

మీటరుబాక్సు మామయ్య | అక్టోబర్ 6, రాత్రి 9:40

బాబూ, ఆ గ్రెన్‌ఫెల్ అంటుకుంది కారిడారులో సామాన్ల వల్ల కాదు కదా?

టేమ్స్ ఒడ్డున తొండియార్‌పేట | అక్టోబర్ 6, రాత్రి 9:58

కాదు మామయ్యా, మీరన్నది కరెక్టే. నాలుగో అంతస్తులో ఒక ఇంట్లో ఫ్రిజ్ దగ్గర మొదలై, గోడకి బయట తొడిగిన పలకలు పట్టుకుని 24 అంతస్తుల మేడ పైదాకా పోయింది. అక్కడున్నోళ్లు ఎన్నాళ్ల ముందు నుంచో ఇది ప్రమాదం అని మొత్తుకుంటూనే ఉన్నారు. అందుకే ఇక్కడ అద్దెకున్నవాళ్లు కూడా అదే అంటారు, మా చెప్పుల స్టాండు మీ కంటికి ఆనుతుంది, మీ గోడ ఆనదేం అని. ముత్యాలుగారి మాట చదివితే అదే గుర్తొచ్చింది.

సింగపూర్ సుబ్బు | అక్టోబర్ 7, ఉదయం 7:20

మా దగ్గర హెచ్‌డీబీ (సింగపూర్ సర్కారు కట్టించే ఇళ్లు) బ్లాకుల్లో పూర్తిగా వద్దనరు, కారిడారులో నడవడానికి 1.2 మీటర్లు ఖాళీ ఉండాలంటారు. టేపు పెట్టి కొలిచి చెప్తే గొడవ తక్కువ.

పులియంతోపు బుజ్జి | అక్టోబర్ 7, ఉదయం 8:02

సుబ్బుగారూ మీరన్నారని ఇప్పుడే టేపు పెట్టి కొలిచా. మా మెట్ల వెడల్పే మూడడుగుల ఎనిమిది అంగుళాలు. అంటే ఏమీ పెట్టకముందే మేం ఫెయిలు. 😄

చీపురుకట్ట చిన్నయ్య | అక్టోబర్ 7, రాత్రి 8:30

మా తాత నెల్లూరు కాడ్నించి వచ్చి ఈ ఊళ్లో పారిశుద్ధ్యం పనికి చేరినాడు, ఆయన తర్వాత మా నాయన, ఆయన తర్వాత నేను. ఈడ ఉండే తెలుగోళ్లలో మా అట్టా వచ్చినోళ్లు ఎంతమందో మీకూ తెల్సు, కొందురు చెప్పుకుంటారు కొందురు చెప్పుకోరు అంతే. మెట్ల మీద సామాను గురించి మీరంతా బాగానే రాస్తా ఉండారు, నేను బ్లాకు యెనక సందు గురించి చెప్తా.

రెండు బ్లాకుల మజ్జన సందు ఉంటాది గదా, ఆడికి ఎవురూ పోరు, అందుకని అందురూ కిటికీలోంచి కుప్ప, అదే చెత్త, ఆడికే యిసురుతారు. సంచీ కట్టి మూడో అంతస్తు నించి యిసిరితే కింద పడి పగిలి పోతాది, అన్నం, కోడి ఈకలు, పిల్లల డైపర్లు. డ్రైనేజీ ఛాంబర్లు ఉండేదీ అదే సందులో. మూత పగిలుంటాది, అంతా లోపలికి పోతాది. ఇంట్లోంచి కూడా గుడ్డలు, ప్యాడ్లు కక్కూసులో ఏసి నీళ్లు కొడతారు, అయ్యి కరగవు, యాడో మలుపులో చిక్కుకుంటాయి. అప్పుడు మీకు తెల్దు. వానాకాలం తెలస్తాది, గ్రౌండు ఫ్లోరోళ్ల కక్కూసులోంచి పైకి తంతాది.

అప్పుడేం జేస్తారు? ఫోను జేస్తే మిషను రావాలంటే టైం పడతాది, ఆగలేరు, ఎవుడో ఒకణ్ణి పిల్చి ఐదొందలు చేతిలో పెట్టి దిగమంటారు. ఆ దిగినోడు కూడా మనోడే. లోపల వాయువు ఉంటాది, కంటికి కనపడదు, రెండు గుక్కల్లో మనిషి కూలిపోతాడు. నేను 2009లో ఒకసారి అట్టా కూలినా, పైన ఉన్నోడు తాడు కట్టినాడు గాబట్టి ఈ మెసేజీ రాస్తా ఉండా. 2013లోనే చట్టం వచ్చింది, మనిషిని రక్షణ లేకుండా దించకూడదని. 2023 అక్టోబరులో సుప్రీం కోర్టు, మురుగు గుంతలో ఎవురన్నా చచ్చిపోతే 30 లచ్చలు ఇయ్యాలని చెప్పింది. ఐదొందలకి పిలిచేటప్పుడు ఆ 30 లచ్చలు ఎవురికీ గుర్తుండవు.

డ్రైనేజీ పొంగితే మెట్రో వాటరుకి (చెన్నైలో నీళ్లు, డ్రైనేజీ చూసే బోర్డు) 1916, కుప్పకి కార్పొరేషను 1913. ఫోను జేసి ఫిర్యాదు నెంబరు రాసిపెట్టుకోండి, అది లేకపోతే మళ్లీ మొదటి నించి చెప్పాల. ఇంకోటి, పగిలిన గాజు, బ్లేడ్లు, సూదులు సంచీలో ఊరికే ఏయబాకండి, కాయితంలో చుట్టి ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. నా కుడి చేతి బొటనేలు మీద ఏడు కుట్లు ఉండాయి.

గూడూరు రమణ | అక్టోబర్ 7, రాత్రి 8:52

చిన్నయ్యన్నా, మా ఇంట్లో అందరికీ చదివి వినిపించా. మా ఆవిడ లేచి వెళ్లి కిటికీకి మెష్ కొలత తీసుకుంటోంది. విసిరేది మేమే అన్నమాట.

నైట్ షిఫ్ట్ భారతి | అక్టోబర్ 8, ఉదయం 5:40

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చా కాబట్టి ఇప్పుడే రాస్తా. నాకు సామాను కన్నా చీకటి భయం. మా బ్లాకు మెట్లకి నాలుగు బల్బులు ఉండాలి, ఒక్కటి వెలుగుతుంది, అది కూడా మొదటి ఫ్లోరు అంకుల్ ఇంటి కరెంటు మీద, ఆయన పడుకునేటప్పుడు ఆపేస్తాడు. బల్బు వేస్తే మూడో రోజు ఎవడో తిప్పుకుని పోతాడు. మొట్టమాడి (డాబా) మీద మందు పార్టీలు, పొద్దున సీసాలు, వాళ్లు దిగుతూ ఉంటే నేను ఎక్కుతూ ఉండాలి. మొబైలు లైటు వేసుకుని, అమ్మకి ఫోను కలిపి మాట్లాడుతూ ఎక్కుతా రోజూ. ఆ సామాన్ల వెనక ఎవరైనా నిలబడినా కనపడరు కదా, సామానుకి నా కోపం అందుకు.

డబ్బులెవరిస్తారు అని ఏడాదిగా తేలట్లేదు. లెక్క నేనే వేశా. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీలు నాలుగు, రాత్రికి పన్నెండు గంటలు, నెలకి 13 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా 117. పదహారిళ్లకి పంచితే ఇంటికి ఏడున్నర కూడా కాదు. ఒక టీ కన్నా తక్కువ. దీనికి ఏడాది!

మీటరుబాక్సు మామయ్య | అక్టోబర్ 8, ఉదయం 6:30

భారతమ్మా, బల్బు దొంగకి మందుంది. ఇనుప జాలీ తొడుగున్న హోల్డరు దొరుకుద్ది, నాలుగు స్క్రూలు, అవి విప్పాలంటే వాడికి స్టూలు కావాలి, టైమూ కావాలి.

మొట్టమాడికి తాళం వేస్తారేమో, ఒక మాట. కింద పొగ నిండితే పై ఫ్లోరోళ్లకి మిగిలేది మొట్టమాడి ఒక్కటే. తాళం చెవి ఎవరి ఇంట్లోనో అల్మారాలో ఉంటే అంతే సంగతులు. లోపలి నుంచి ఎవరైనా తీయగలిగే గడియ పెట్టండి.

నైట్ షిఫ్ట్ భారతి | అక్టోబర్ 8, ఉదయం 6:44

ఎవరైనా తీయగలిగితే మందు బ్యాచ్ కూడా తీస్తుంది కదా మామయ్యా. మీరు పొగ రోజు గురించి చెప్తున్నారు, నాకు ప్రతి రోజూ శనివారమే.

మీటరుబాక్సు మామయ్య | అక్టోబర్ 8, ఉదయం 7:10

నీ మాటా కాదనలేను. సీలు లాంటిదేదైనా, తీస్తే శబ్దం వచ్చేది... ఆలోచిస్తా.

వాసు_వ్యాసర్పాడి | అక్టోబర్ 8, ఉదయం 9:30

మా దగ్గర మొట్టమాడి తలుపుకి గుడి గంట కట్టారు. తీస్తే మోగుద్ది. నిజంగానే. పై ఫ్లోరు పాటీ (అవ్వ) లేచి వచ్చి తిట్లు లంకించుకుంటే మందు బ్యాచ్ బీచికి మకాం మార్చింది.

దోమల డ్యూటీ సరోజ | అక్టోబర్ 9, సాయంత్రం 6:15

ఇంటింటికీ తిరిగి దోమ పిల్లలు ఉన్నాయా అని చూసే పని నాది. డెంగీ దోమ మురుగులో పెట్టదండీ గుడ్లు, మంచి నీళ్లలోనే పెడుతుంది, కుట్టేది పగలు. గుడ్డు దోమ అవ్వడానికి వారం పది రోజులు చాలు. నాకు ఎక్కువ దొరికేది ఎక్కడో తెలుసా, మీరు మాట్లాడుకునే ఈ సామాన్లలోనే. పాత కూలరు అడుగున, టైరులో, ఫ్రిజ్ వెనక ట్రేలో, మొట్టమాడి మీద మూత లేని సింటెక్స్‌లో. నీళ్లు ఎండిపోయినా గుడ్లు నెలల తరబడి గోడకి అంటుకుని బతికే ఉంటాయి, మళ్లీ వాన పడితే పిల్లలవుతాయి. అందుకని ఒంపేసి ఊరుకోకుండా బ్రష్ పెట్టి రుద్దాలి. బుజ్జిగారూ, ఈశాన్య ఋతుపవనాలు వచ్చేస్తున్నాయి, ఆ కూలరు ముందు తీయండి. తలుపు తడితే "ఏం లేవు పో" అనకండి, ప్లీజ్.

పులియంతోపు బుజ్జి | అక్టోబర్ 13, రాత్రి 10:05

ఆదివారం మీటింగు పెట్టాం. మొట్టమాడి మీద, సాయంత్రం ఐదింటికి, టీ, మసాలా బోండా. పదహారిళ్లలో పదకొండు ఇళ్లోళ్లు వచ్చారు, బోండా వాసనకి ఇంకో ఇద్దరు.

ముత్యాలక్క రాసింది మనసులో పెట్టుకుని "తీయండి" అనే మాట నేను అనలేదు. ఒక కాయితం ఇచ్చి, బయట పెట్టిన సామాను ఏంటి, ఎందుకు పెట్టారు, ఎక్కడైతే పెట్టుకుంటారు అని ఇల్లిల్లూ రాయించా. అందులో తెలిసిన సంగతులు వింటే మీరు నమ్మరు. ఆ వాషింగ్ మిషను ఈఎంఐ మీద కొన్నారంట, ఏడాదికే చచ్చింది, ఈఎంఐ మాత్రం మొన్న జూలై దాకా కట్టారు. "కడుతున్నన్నాళ్లు పారెయ్యడానికి చెయ్యి రాలేదమ్మా" అంది ఆ ఆంటీ. మా అమ్మ మోకాలికి కట్టుతో కూర్చుని ఉంది, అమ్మే ముందు నవ్వింది.

కరెంటు స్కూటరు అబ్బాయిది ఇంకో కథ. డెలివరీ పని, ఉదయం ఆరింటికి బండి నిండుగా ఉండకపోతే ఆ రోజు సంపాదన సగం. మనం దొంగలా చూస్తాం గానీ వాడికి రాత్రి తప్ప టైము లేదు. ముందు కాంపౌండు గోడ దగ్గర రేకు కింద చోటు చూపించాం, వాడి సొంత మీటరు నుంచే విడిగా మందం వైరు, ట్రిప్పయ్యే స్విచ్చి, పెద్ద ప్లగ్గు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుతోనే చేయించాం, సగం డబ్బు వాడు, సగం మేం. పడుకునేముందు చార్జింగు అయిపోయేట్టు సాయంత్రం ఒక ట్రిప్పు తగ్గించుకుంటా అన్నాడు. చూడాలి.

ముసలోళ్ల మంచాలు, బీరువాలు ఉన్న మూడిళ్లకి మాత్రం గ్రౌండు ఫ్లోరులో వాడకుండా పడున్న పాత పంపు గది శుభ్రం చేసి ఇద్దాం అన్నాం. అందులో సామానే, గ్యాస్ సిలిండరు గానీ పెట్రోలు గానీ పెట్టకూడదు అని తలుపు మీద రాశాం. గది వాడుకోవడానికి పర్మిషన్ లెటరు ఇచ్చి వచ్చాం, ఇంకా జవాబు రాలేదు. నెలకి ఇంటికి ఇరవై రూపాయలు, లైట్లకీ బ్లీచింగుకీ. ఇద్దరు మేం ఇవ్వం అన్నారు. ఒకరు "నేను గ్రౌండు ఫ్లోరు, నాకు మెట్లెందుకు" అన్నారు, అది కూడా పాయింటే అనిపించి ఆయన దగ్గర పదే తీసుకుంటున్నాం.

మూలింటి ముత్యాలు | అక్టోబర్ 13, రాత్రి 10:31

బుజ్జమ్మా, ఆ కాయితం ఫోటో తీసి పెట్టవా. మా బ్లాకులో కూడా అడిగిస్తా. అడిగితే నేనూ తీస్తా, అడిగే పద్ధతిని బట్టి.

గూడూరు రమణ | అక్టోబర్ 14, మధ్యాహ్నం 1:15

సామాను తీసినప్పుడు గోడ కూడా చూడండి. మా దగ్గర బీరువా జరిపాక వెనక తెలిసింది, పైన పైపు కారి కారి ప్లాస్టరు ఊడిపోయి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి ఉన్నాయి, పగుల్లో రావి మొక్క. తిరువొత్తియూరులో 2021 డిసెంబర్ 27న బ్లాకు కూలిపోయి 24 ఇళ్లు పోయాయి గుర్తుందా, పగుళ్లు చూసి జనం ముందే బయటికి వచ్చేశారు గనక ఒక్క ప్రాణం పోలేదు. ఆ పగులు బీరువా వెనక ఉండుంటే ఎవరు చూసేవాళ్లు? రావి మొక్కని పైపైన తుంచితే మళ్లీ వస్తుంది, వేరుతో పీకించి పగులు పూడ్పించాలి. ఫోటో తీసి తేదీ వేసి రాతపూర్వకంగా ఇవ్వండి.

పులియంతోపు బుజ్జి | అక్టోబర్ 23, రాత్రి 9:20

దీపావళి అయింది. ఉదయం ఆరు నుంచి ఏడు, రాత్రి ఏడు నుంచి ఎనిమిది అని టైము ఉంది కదా, మా వీధి దాన్ని ఎప్పుడూ లెక్క చెయ్యదు. రాత్రి తొమ్మిదింటికి ఒక రాకెట్టు నేరుగా మా మెట్ల కిటికీలోంచి వచ్చి రెండో ఫ్లోరు మలుపులో పడి గిర్రున తిరిగి ఆరిపోయింది. కూలరూ పుస్తకాల మూటా పోయిన వారమే తీసేశారు. నేల మీద నల్ల మచ్చ ఒకటే మిగిలింది. ఆంటీ వచ్చి ఆ మచ్చ చూసి ఏం మాట్లాడకుండా లోపలికెళ్లి చీపురు తెచ్చింది.

వాషింగ్ మిషను మాత్రం ఇంకా ఉంది, లోపల పిల్లి పిల్లల్ని పెట్టింది, నాలుగు. అవి పెద్దయ్యేదాకా కదపొద్దని పిల్లలంతా ఒప్పందం చేయించుకున్నారు.

చెడ్డ వార్త కూడా చెప్పాలి. బండ్లు బయట పెట్టించాం కదా, మూడో రాత్రికే రెండు బండ్లలో పెట్రోలు పోయింది, ఒకదాని బ్యాటరీ పోయింది. మూడు బండ్లు మళ్లీ మెట్ల కిందికొచ్చాయి. బ్యాటరీ పోయినాయన్ని ఏమనగలను, బ్యాటరీ నేను కొనివ్వలేను కదా.

వాసు_వ్యాసర్పాడి | అక్టోబర్ 23, రాత్రి 9:47

చెల్లీ, గోడకి లావు ఇనుప పైపు పాతించి అన్ని బండ్లకీ కలిపి ఒకే గొలుసు, పైన మామయ్య చెప్పిన జాలీ బల్బు. మా దగ్గర మిగిలిన పైపు ముక్క ఉంది, ఆదివారం తెస్తా. టీ పెట్టు. ఈసారి దొంగ టీ కాదులే.

పులియంతోపు బుజ్జి | జనవరి 14, ఉదయం 7:50

భోగి శుభాకాంక్షలు అందరికీ. పాతది కాల్చడం మానేసి పాతది కిందికి దించే భోగి చేశాం ఈసారి, టైర్లూ ప్లాస్టిక్కూ మంటలో వెయ్యొద్దని పిల్లలే చీటీలు రాసి గోడలకి అంటించారు. రెండు మీన్‌బాడి బండ్ల సామాను పోయింది. పంపు గదికి జవాబు ఇంకా రాలేదు, వాడుకుంటున్నాం. వాసన్న తెచ్చిన పైపు వేశాక బండ్లన్నీ బయటే ఉంటున్నాయి, ఒక్కటి తప్ప, దాని ఓనరు ఎవరో ఇప్పటికీ తెలీదు, టైర్లలో గాలి కూడా లేదు.

వాషింగ్ మిషను నిన్న వెళ్లిపోయింది. కాయిలాన్ కొట్టాయన 650 ఇచ్చాడు, ఆంటీ ఆ డబ్బు మా అమ్మకి మోకాలి మందులకి ఇవ్వబోతే అమ్మ తీసుకోలేదు, చివరికి మెట్లకి బ్లీచింగు డబ్బా కొన్నారు. పిల్లి పిల్లలు మూడు ఊరు తిరుగుతున్నాయి, ఒకటి మా ఇంట్లో. తల్లి పిల్లికి మాత్రం ఇల్లు పోయింది కదా, అది ఇప్పుడు మీటరు బోర్డు మీద పడుకుంటోంది, అక్కడ వెచ్చగా ఉంటుందనుకుంటా.

మీటరుబాక్సు మామయ్య | జనవరి 14, ఉదయం 7:58

వెచ్చగానా? బోర్డు వెచ్చగా ఎందుకుందమ్మా? పిల్లిని దించి, నువ్వు చెయ్యి పెట్టకుండా ఈబీ (కరెంటు బోర్డు) వాళ్లకి ఫోను చెయ్యి. మిన్నగం, అదే కరెంటు ఫిర్యాదుల సెంటరు, నెంబరు 94987 94987. ఇప్పుడే చెయ్యి, పొంగలి తర్వాత వండుకోవచ్చు.